ఫిర్యాదు నుంచి ఛార్జి దాకా

మా అన్న కొడుకు మీద కేసు పడి ఏడు నెలలైంది. టవాళ్ళ కార్ఖానాలో నూలు కోన్లు తగ్గినయని యజమాని ఫిర్యాదు ఇచ్చిండు. కోర్టులో విచారణ ఇంకా మొదలే కాలేదు. మా గల్లీలో మాత్రం తీర్పు ఎప్పుడో అయిపోయింది. అందుకే ఇది రాస్తున్న.

ఎఫ్ఐఆర్ అంటే నేరం రుజువైందని కాదు. ఒకరు చెప్పిన మాట పోలీసులు రాసుకొని దర్యాప్తు మొదలుపెట్టిన్రు, అంతే. పనివాడు చేసిన దొంగతనమని పెట్టిన సెక్షన్‌కు ఎక్కువలో ఎక్కువ ఏడేళ్ళ శిక్ష. అట్లాంటి కేసుల్లో మామూలుగా నోటీసు ఇచ్చి పిలవాలె, అరెస్టు చేస్తే ఎందుకు అవసరమైందో రాయాలె అని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. మా పోరని కాగితంలో రాసిన కారణం: తెలంగాణలో సొంతూరు ఉంది, పారిపోతడు. మా తాత షోలాపూర్ వచ్చేనాటికి మా నాయన పుట్టనే లేదు. పోరడు ఆ ఊరు చూసింది ఒక్కసారే, ఎవరిదో పెండ్లికి పోయి.

అరెస్టైన 24 గంటల్లోపు మెజిస్ట్రేటు ముందర నిలబెట్టాలె, నిలబెట్టిన్రు. రెండు రోజులు పీసీఆర్, అంటే పోలీసుల దగ్గర. తర్వాత ఎంసీఆర్, అంటే జైలు. ఎంసీఆర్ అనంగనే శిక్ష పడ్డదనుకొని మా వదిన గుండెలు బాదుకుంది. నిజానికి బెయిలు గట్టిగా అడగాల్సింది అప్పుడే. వకీలు ఫీజుకు పుస్తెలతాడు తాకట్టు పెడతనంటే నేనే ఆపిన. కస్టడీలో ఉన్నోళ్ళకు, ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా సర్కారే వకీలును ఇస్తది. జిల్లా కోర్టులో ‘విధి సేవా ప్రాధికరణ్’ అని మరాఠీలో బోర్డు ఉంటది. ఫోను 15100.

బెయిలు పదకొండో రోజు దొరికింది. పోరడు బయటికొచ్చింది మాత్రం పందొమ్మిదో రోజు. ఆ ఎనిమిది రోజులూ జామీను నిలబడేటోళ్ళ కోసం తిరిగినం. మాది కిరాయి ఇల్లు. చుట్టాలు ఫోను ఎత్తలే. ఒకాయన, “బిడ్డకు సంబంధం మాట్లాడుతున్నం అక్కా” అన్నడు. ఆయన్ని తప్పు పట్టను. చివరికి నాతో బీడీలు చుట్టే పెద్దమ్మ, కుంభారి ఘర్‌కుల్‌లో సొంతిల్లు ఉన్నామె, ఇంటి పన్ను రసీదు పట్టుకొని కోర్టుకొచ్చింది. ఆ రోజు ఆమె కూలి పోయింది. ఇస్తనంటే తీసుకోలే.

ఒక్కటి గుర్తు పెట్టుకోండ్రి. లోపలున్న మనిషి మీద, రిమాండు మొదలైన 60 రోజుల్లో పోలీసులు దోషారోప పత్రం వేయకపోతే బెయిలు హక్కవుతది. పదేళ్ళు, ఆపైన శిక్షపడే పెద్ద కేసుల్లో 90 రోజులు. అది దానంతటదే రాదు, గడువు దాటంగనే అర్జీ పెట్టాలె. అర్జీకి ముందే పత్రం వస్తే ఆ హక్కు పోతది.

మాకు పత్రం మొన్ననే వచ్చింది. కాపీకి పైసా తీసుకోరు. పోరడే రాత్రి కూసొని మరాఠీ చదివి చెప్పిండు. సాక్షులు ఐదుగురు. తీసుకపోతుంటే చూసినమని ఒక్కరూ అనలే. రాత్రిపాళీలో ఉన్నడన్నది ఒక్కటే. ఆ పాళీలో ఇంకా పదకొండు మంది ఉన్నరు! కాపీ చేతికొచ్చిన 60 రోజుల్లోపు, ఆధారం లేదు, వదిలేయమని డిశ్చార్జి అర్జీ పెట్టొచ్చు. వకీలమ్మ అదే రాస్తున్నది. జడ్జి కొట్టేస్తే అప్పుడు ఛార్జి చదివి, నేరం ఒప్పుకుంటవా అని అడుగుతరు. లేదంటే విచారణ మొదలు.

తారీఖు వచ్చే నెల 14న. కేసు ఖతం చేసుకొని రమ్మంటున్నరు ఏ కార్ఖానాకు పోయినా. పోరడు ఇప్పుడు హమాలీకి పోతుండు.