మల్లి భయం

‘మొరిగే కుక్క కరవదు’ అని ఒక సామెత ఉంది. అరుపులతో బెదిరించేవారు నిజానికి ఏమీ చేయలేరని చెప్పడానికి పెద్దలు ఈ మాట వాడతారు. మనుషుల విషయంలో ఇది చాలావరకు నిజమే కావచ్చు. కుక్కల విషయంలో మాత్రం ఈ సామెతను నమ్ముకోకూడదు. మొరిగే కుక్క ‘దూరంగా ఉండు’ అని చెబుతోంది. ఆ మాట వినకుండా దగ్గరికి వెళ్తే అది కరిచినా కరవవచ్చు.

కొత్తవారిని చూసి మొరగడం కుక్కకు సహజగుణం. రెండుసార్లు మొరిగి, ఇంటివారు ‘చాలు’ అనగానే ఊరుకునే కుక్కతో ఎవరికీ చిక్కు లేదు. కొన్ని కుక్కలు అలా ఊరుకోలేవు. కొత్త మనిషి, సైకిలు, గొడుగు, మరో కుక్క - ఏది కంటబడినా ఒళ్ళు బిగుసుకొని, మెడమీది వెంట్రుకలు నిక్కబొడుచుకొని, గొలుసు తెంచుకునేటట్లు ముందుకు దూకుతాయి. చూసేవారికి అది పొగరులా కనిపిస్తుంది. చాలాసార్లు దాని వెనుక ఉన్నది భయం.

తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాల దగ్గర రాజపాళయం అనే పట్టణం ఉంది. నూలు మిల్లులకూ మామిడితోటలకూ పేరుపొందిన ఈ ఊళ్ళో తెలుగు మాట్లాడే రాజుల కుటుంబాలు కొన్ని వందల ఏళ్ళుగా స్థిరపడి ఉన్నాయి. ఈ ఊరి పేరుతోనే ఒక కుక్కజాతి ఉంది. పాలతెలుపు ఒళ్ళు, గులాబిరంగు ముక్కు, పొడుగాటి కాళ్ళు దాని గుర్తులు. పూర్వం పాలెగాళ్ళు వీటిని వేటకూ కాపలాకూ పెంచేవారని చెబుతారు. 2005లో మన తపాలాశాఖ నాలుగు దేశవాళీ కుక్కజాతుల బొమ్మలతో తపాలాబిళ్ళలు వెలువరించింది. వాటిలో రాజపాళయం ఒకటి, కర్ణాటకకు చెందిన ముధోల్ మరొకటి. రాజపాళయం కుక్క తన ఇంటివారిని ప్రాణంగా చూసుకుంటుంది; కొత్తవారిని అంత తొందరగా దగ్గరికి రానీయదు.

ఆ ఊళ్ళోనే ఒక ఇంట్లో మల్లి అనే కుక్క ఉంది. మల్లెపువ్వులా తెల్లగా ఉందని ఇంటి నాయనమ్మ ఆ పేరు పెట్టింది. మల్లి ఆ ఇంటికి వచ్చేనాటికి దానికి ఆరు నెలలు. అంతవరకు ఊరికి దూరంగా ఒక తోటలో, కొట్టం పక్కన కట్టేసి ఉండేది. కుక్కపిల్లకు పుట్టిన మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం వరకు ఎంతో ముఖ్యమైన కాలం. ఆ రోజుల్లో చూసిన మనుషులను, విన్న చప్పుళ్ళను అది తన లోకంలో భాగంగా ఒప్పుకుంటుంది. మల్లికి ఆ కాలమంతా తోటమాలి, నాలుగు మామిడిచెట్లే లోకం. అందుకే వీధిలోకి రాగానే ప్రతిదీ దానికి ప్రమాదంలాగే తోచింది.

ఇంట్లో మల్లి పసిపాపలా ఉండేది. నాయనమ్మ మంచం కింద పడుకొనేది. ఇంటి పెద్దమ్మాయి బడినుంచి వస్తుంటే అడుగుల చప్పుడు విని తోక ఊపేది. గుమ్మం దాటితే మాత్రం వేరే కుక్క. తపాలా మనిషి ఆ ఇంటికి రావడం మానుకున్నాడు. మొరిగిన ప్రతిసారీ ఇంటి తండ్రి గొలుసు గట్టిగా లాగి, గద్దించేవాడు. ఒకటి రెండుసార్లు కొట్టాడు కూడా. మల్లి మొరగడం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

ఒక సాయంత్రం గేటు గొళ్ళెం సరిగా పడలేదు. ఎదురింటి పిల్లవాడు బంతికోసం పరుగెత్తుకొచ్చాడు. మల్లి ఒక్క ఊపున వాడిమీదికి దూకింది. పళ్ళు తగలలేదు గాని, ముంజేతిమీద గోళ్ళు గీరుకున్నాయి. పెద్దలు వెంటనే ఆ గాట్లను సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగారు. పసుపు, కారం వంటివి ఏవీ పెట్టలేదు. వాణ్ణి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళి టీకా వేయించారు. అదే సరైన పని. కుక్కకాటువల్ల వచ్చే రేబిస్ వ్యాధి లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరూ బతకరు; ముందుగా టీకా వేయించుకుంటే దాదాపు ఎవరికీ ఆ ప్రమాదం రాదు. 1885లో లూయీ పాశ్చర్ ఫ్రాన్సులో కుక్క కరిచిన ఒక బాలుడికి మొదటిసారిగా ఈ టీకా ఇచ్చి కాపాడాడు. తమిళనాడులోని కూనూరులో ఆయన పేరుతో 1907లో ఏర్పడిన సంస్థ కూడా ఈ టీకాల కోసం ఎంతో కృషి చేసింది.

ఆ రాత్రి వీధి పెద్దలు వచ్చి, ‘దీన్ని దూరంగా ఎక్కడైనా వదిలేసి రండి’ అన్నారు. పిల్లవాడి తల్లి కళ్ళలో నీళ్ళు చూసి ఇంటి తండ్రి తల వంచుకున్నాడు. వాళ్ళు వెళ్ళాక, ‘రేపు తోటలో వదిలేస్తానమ్మా’ అన్నాడు. నాయనమ్మ కొంతసేపు మాట్లాడలేదు. తరవాత, ‘వదిలేస్తే దాని భయం పోతుందా నాయనా? అక్కడా ఎవరో ఒకరి బిడ్డ ఎదురుపడుతుంది గదా!’ అంది. ఆ మాటకు జవాబు దొరకలేదు. పెంపుడు జంతువును దిక్కులేకుండా వదిలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

మరునాడు వాళ్ళు పశువైద్యుణ్ణి కలిశారు. ఆయన ముందుగా మల్లికి ఎక్కడైనా నొప్పి ఉందేమో, చెవులు బాగా వినిపిస్తున్నాయో లేదో పరీక్షించాడు. తెల్లని కుక్కల్లో కొన్నింటికి పుట్టుచెవుడు ఉంటుంది. నొప్పి ఉన్న కుక్క, చెవుడున్న కుక్క తొందరగా ఉలికిపడతాయి. మల్లికి అవేవీ లేవు. అప్పుడాయన, ‘కొత్తమనిషి కనబడగానే దీనికి మెడ నొప్పెడుతోంది, దెబ్బ పడుతోంది. అంటే కొత్తమనిషి వస్తే కీడు జరుగుతుందని మీరే నేర్పుతున్నారు. ఇకనుంచి మేలు జరుగుతుందని నేర్పండి’ అన్నాడు.

ఈ ఉపాయానికి వెనుక ఒక శాస్త్రవేత్త పరిశోధన ఉంది. రష్యాకు చెందిన ఇవాన్ పావ్లోవ్ జీర్ణక్రియమీద చేసిన పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి పొందాడు. ఆహారం పెట్టడానికి ముందు ఒక శబ్దం వినిపిస్తూ వస్తే, కొన్నాళ్ళకు ఆ శబ్దం వినగానే కుక్క నోట లాలాజలం ఊరుతుందని ఆయన చూపించాడు. ఒకదాని వెంట మరొకటి వస్తుంటే, మొదటిదాన్ని బట్టి రెండోదాన్ని ఎదురుచూడడం కుక్క మనసు నేర్చుకుంటుంది.

ఇంటివారు మొదట జాగ్రత్తలు ఏర్పాటు చేసుకున్నారు. గేటుకు రెండో గొళ్ళెం బిగించారు. ‘కుక్క ఉంది, పిలిచి లోపలికి రండి’ అని తమిళంలోనూ తెలుగులోనూ పలక రాసి కట్టారు. ఉత్తరాలకోసం గోడకు బయట పెట్టె పెట్టారు. చుట్టాలు వచ్చినప్పుడు మల్లి పెరటిగదిలో ఉండేది. నూర్పిడివేళ ఎద్దు మూతికి చిక్కం కట్టినట్లు, బయటికి వెళ్ళేటప్పుడు మల్లి మూతికి బుట్టలాంటి చిక్కం తొడిగారు. దానితో కుక్క నోరు తెరిచి రొప్పగలదు, నీళ్ళు తాగగలదు, కరవలేదు. మెడ నలగకుండా గొలుసును ఛాతీ చుట్టూ వచ్చే పట్టీకి తగిలించారు.

తరవాత పాఠం మొదలైంది. వీధి చివర, నలభై అడుగుల దూరంలో మనిషి ఉంటే మల్లి చెవులు నిక్కించేది గాని మొరిగేది కాదు. పాఠం అక్కడే మొదలుపెట్టారు. మనిషి కనబడగానే, అది మొరగకముందే, పెద్దమ్మాయి చిక్కం సందుల్లోంచి ఉడికించిన కోడిమాంసం ముక్క అందించేది. మనిషి వెళ్ళిపోతే ముక్కలూ ఆగిపోయేవి. కొన్ని వారాలకు మల్లి దారిన పోయేవారిని చూసి, వెంటనే వెనక్కి తిరిగి అమ్మాయి చేతివైపు చూడసాగింది. అప్పుడు రెండడుగులు ముందుకు జరిగారు. మల్లి మొరిగితే దాన్ని తిట్టలేదు. తాము తొందరపడ్డామని గ్రహించి వెనక్కి వచ్చేవారు.

దీపావళికి మళ్ళీ కష్టం వచ్చింది. మనకు వినిపించని సన్నని శబ్దాలు కూడా కుక్కకు వినిపిస్తాయి. టపాకాయల మోత దానికెంత భయంకరమో ఊహించుకోవచ్చు. మల్లి రెండు రోజులు అన్నం ముట్టలేదు. లోపలిగదిలో తలుపులు మూసి, నాయనమ్మ దాని పక్కనే చాప వేసుకొని కూర్చుంది. పండుగ తరవాత పాఠం మళ్ళీ నలభై అడుగుల దూరంనుంచే ఆరంభించవలసి వచ్చింది.

ఈలోగా ఎదురింటి పిల్లవాడు తమ అరుగుమీదినుంచి ఇదంతా చూస్తుండేవాడు. ఒకరోజు, ‘అక్కా, నేనూ వేయనా?’ అని అడిగాడు. వాళ్ళమ్మ ఒప్పుకున్నాకే పెద్దమ్మాయి ముక్కలు ఇచ్చింది. కుక్క కళ్ళలోకి సూటిగా చూడవద్దని, తలమీద చెయ్యి పెట్టవద్దని, పరుగెత్తవద్దని, దానికి పక్కగా నిలబడాలని నేర్పింది. వాడు దూరంనుంచి ముక్క విసిరాడు. మల్లి దాన్ని వాసన చూసింది, వాణ్ణి చూసింది, మొరగలేదు. వాడి చెయ్యి మాత్రం వణికింది. ఆరోజు భయపడినవారు ఇద్దరు. ఇద్దరూ తమ తమ చోట్లనే నిలబడగలిగారు.

ఏడాది గడిచింది. తపాలా మనిషి మళ్ళీ ఆ ఇంటికి వస్తున్నాడు. నెత్తిన మూటలతో వచ్చే బట్టలమ్మేవారిని చూస్తే మల్లి ఇప్పటికీ మొరుగుతుంది. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు చిక్కం తప్పదు. రెండు గొళ్ళేలు పడ్డాయో లేదో చూసే పని రోజుకొకరు చేస్తారు. బంధువులెవరైనా ‘ఇంకా మారలేదా?’ అని అడిగితే నాయనమ్మ నవ్వుతుంది. ‘మేం మారాం గదా, దానికి అది చాలు’ అంటుంది.