ఇంటర్వెల్ చీటీలు

సావనీరుల్లో రాసేది మామూలుగా ఆర్ట్సు వాళ్లు. మా సైన్సు వాళ్లకి ప్రాక్టికల్ రికార్డులు నింపుకోవడంతోనే వేళ్లు బొబ్బలెక్కుతాయి. అయినా మా యూనియన్ సెక్రటరీ ఓ సాయంత్రం హాస్టల్ గదికొచ్చి, మంచమ్మీద చతికిలబడి, "వార్షికోత్సవానికి వేయించిన మాయాబజార్ నాటకం మీద జనం అభిప్రాయాలన్నీ నీ దగ్గరే ఉన్నాయి గదా, వరసగా పేర్చి ఓ నాలుగు పేజీలు రాసిచ్చెయ్" అన్నాడు. చీటీలు నా దగ్గర లేవని ఆయనకి అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

అసలు ఆ నాటకం రావడమే ఒక చిన్న యుద్ధం. డీజే పెట్టించాలని ఒక వర్గం, టీవీ పాటల పోటీల్లో గెలిచినవాళ్లని పిలవాలని ఇంకో వర్గం. నాటకమన్నది తెలుగు మాస్టారొక్కరే. చివరికి డబ్బు లెక్క చూసుకుంటే నాటకమే అందరికంటే చవగ్గా తేలింది. కళ గెలిచిందని వేదిక మీద ఉపన్యాసాలిచ్చారు గానీ గెలిచింది లెక్కల పుస్తకం.

మాయాబజార్ అంటే సురభి వాళ్లే అనుకుంటాం, అది న్యాయమే. తోలుబొమ్మలాడించుకునే కుటుంబం 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో "కీచకవధ" ఆడటంతో మొదలైన పరంపర వాళ్లది. ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో వాళ్ల ఇంటి ఆడవాళ్లు రంగమెక్కారు. వాళ్లలో బాబ్జీగారని అందరూ పిలిచే నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. మా కాలేజీకి వచ్చింది వాళ్లు కాదు. వాళ్ల ఒరవడిలోనే ఊరూరా తిరిగి బతికే మరో చిన్న కుటుంబం. వాళ్ల సమాజం పేరు కావాలనే రాయడం లేదు.

నాకప్పగించిన పని చీటీలు. నోటుబుక్కు కాగితాలు నాలుగేసి ముక్కలు చేసి, "నటీనటులపై మీ అభిప్రాయం", "రంగాలంకరణపై మీ అభిప్రాయం" అని రెండు ప్రశ్నలు జెరాక్సు తీయించి, ఇంటర్వెల్లో పంచి ఇంటర్వెల్లోనే వసూలు చెయ్యాలి. నాటకం అయిపోయాక జనం చెప్పులు వెతుక్కునే హడావుడిలో ఉంటారు గనుక, అప్పుడు ఎవరూ రాయరని సెక్రటరీ వాదన. వాదన బాగానే ఉంది. అందులో తప్పేమిటో నాకూ తోచలేదు.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మాది రేపల్లె వైపు ఓ పల్లె. వరి కోశాక మినుము చల్లుకునే ఇల్లు. మా ఇంట్లో నాటకం అన్న మాట ఎత్తితే మా నాన్న అన్నం ముందునుంచి లేచిపోతాడు. దానికి కారణం మా తాత.

1977లో మా తాతకి ఇరవై తొమ్మిదేళ్లు. కార్తీక పున్నమికి ఊళ్లో నాటకం వేయించాలని ఓ సమాజానికి బయానా ఇచ్చి, నాలుగు రోజుల ముందే వాళ్లు సామానుతో దిగేలా మాట్లాడుకున్నాడు. వాళ్లు ఇంకా ముందే దిగారు. నవంబరు 19న ఉప్పెన వచ్చింది. దివిసీమలో వేల ప్రాణాలు పోయిన ఆ తుపానే. మా ఊళ్లో ప్రాణాలు దక్కాయి గానీ కోతకొచ్చిన వరి మొత్తం నీళ్లలో పడుకుంది. డేరా గుడ్డ ఎటు పోయిందో ఎవరికీ తెలీదు. నాటకం వాళ్లు పిల్లా జెల్లాతో మా కొట్టంలోనే తలదాచుకున్నారు. దారులు తెరుచుకునేదాకా వాళ్లకి తిండి పెట్టి, వెళ్లేటప్పుడు బయానా వెనక్కి అడగకపోగా దారి ఖర్చులిచ్చి పంపాడట మా తాత. ఆ ఏడు గింజ రాలేదు. అప్పు తీర్చడానికి కాలవ కింద అరెకరం అమ్మారు. "నాటకం చూసి పోగొట్టినవాళ్లని చూశాగానీ, చూడకుండా పోగొట్టినవాడు మా అయ్యొక్కడే" అంటాడు నాన్న. అప్పటికాయన చంటిపిల్లవాడు. అరెకరం పోయిన సంగతి మాత్రం తన చేత్తోనే అమ్మినంత బాగా గుర్తు.

అంచేత నాటకమని చెప్పకుండా, కాలేజీలో ఫంక్షనని చెప్పి తాతని రైలెక్కించుకొచ్చాను. మినుముకి పల్లాకు తెగులు, తెల్లదోమకి మందు కొట్టాలి, ముసలాయన ఇంటిదగ్గరుంటే కాస్త కనిపెట్టుకునుండేవాడు గదా అని నాన్న గొణిగాడు. తాత మాత్రం రైల్లోనే పసిగట్టాడు. "కాలి హార్మోనీయేనంటరా?" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. ఏమీ తెలీనట్టు నటించాను.

తాత లెక్కలో ప్రేక్షకుల అభిప్రాయాలకి చీటీలక్కర్లేదు. పద్యం బాగుంటే వన్స్‌మోర్. ఇంకా బాగుంటే మైకులో చదివింపులు: ఫలానా ఊరు ఫలానా వారు నూట పదహార్లు. బాగాలేకపోతే వెనక వరసలో బీడీలు వెలుగుతాయి. మరీ బాగాలేకపోతే దగ్గు. ఒకే నాటకంలో కృష్ణుడి వేషం ముగ్గురు కట్టే కంట్రాక్టు నాటకాల్లో, తెల్లారాక కాలవగట్టు మీద ఏ కృష్ణుడెక్కువో తేల్చుకోలేక తగాదాలు పడి, నెలల తరబడి పలకరించుకోని వాళ్లుండేవారట. పీసపాటి వర్గం, షణ్ముఖి వర్గం. ఎన్నికల్లో కూడా అంత పట్టింపు లేదంటాడు.

సరే, నాటకం మొదలైంది. నేను నా మిత్రబృందంతో రెండో వరసలో, తాత ముందు వరసలో కుర్చీలో. మేం ఫిజిక్సు వాళ్లం గనుక నాటకం చూడ్డం లేదు, తీగలు వెతుకుతున్నాం. నారదుడు మేఘమ్మీద దిగుతుంటే "కప్పీ! కప్పీ ఎడంపక్కనుంది" అని ఒకడు. నల్లతెర ముందు నల్లదారం ఎందుకు కనబడదో ఇంకొకడి వ్యాఖ్యానం. పక్కనున్న ఇంగ్లీషు శాఖ అమ్మాయిలు విసుక్కుని రెండు వరసలు వెనక్కి వెళ్లిపోయారు.

అప్పుడు శశిరేఖ వచ్చింది. ఆమెకి యాభై దాటుంటాయి. ముఖాన ఎంత రంగు వేసినా మెడ దాచదు గదా. అభిమన్యుడేమో మా ఈడు కుర్రాడు. ఇద్దరూ యుగళగీతం ఎత్తుకునేసరికి మావాడొకడు, "అత్తా అల్లుళ్ల డ్యూయెట్టు" అన్నాడు. వరసంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. నలుగురితోపాటు నవ్వాననడం అబద్ధం, అందరికంటే గట్టిగా నవ్వాను. ముందు వరసలో తాత తల తిప్పి చూశాడు.

ఇంటర్వెల్ కాకముందే మరో ముచ్చట. ఘటోత్కచుడి భోజనం ఘట్టం. 1957 సినిమాలో ఎస్వీ రంగారావుగారి ముందు పళ్లేలు వాటంతటవే కదిలితే అది కెమెరా పని. ఇక్కడ కెమెరా లేదు, ఉన్నదల్లా దారాలూ, వాటిని లాగే చేతులూ. మూడు లడ్డూలు గాల్లో తేలుతూ నోట్లోకి వెళ్లాయి. నాలుగోది సగం దారిలో చిక్కుకుని ఆగిపోయింది. అదే సమయానికి కరెంటు పోయి, జనరేటరు దగ్గి, లైట్లొచ్చేసరికి లడ్డూ అక్కడే వేలాడుతోంది. ఘటోత్కచుడు నోరు తెరుచుకునే ఉన్నాడు. ఒక్క క్షణం చూసి, "రావే తల్లీ, రా. కొత్త కోడలివా, సిగ్గుపడతన్నావు!" అన్నాడు. మైదానమంతా లేచి ఈలలు. దారం తెగిందో తెంపారో, లడ్డూ టప్పున కిందపడితే ఆయన గద భుజానేసుకుని వంగి, దుమ్ము ఊది, కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. చీటీల్లో సగానికి సగం "లడ్డూ సిగ్గుపడే సీను అద్భుతం" అని ఉంది. అది పొరపాటని ఎవరూ అనుకోలేదు. ఒకాయన మాత్రం, "ఇంత ఖర్చుపెట్టి ఆ సీనుకి ఒక్క లడ్డూయేనా?" అని రాశాడు.

మిగతా చీటీలు గుర్తున్నంతవరకు చెబుతాను. తెరల మీద రంగులు పాతబడ్డాయని కొందరు. పాతబడ్డందుకే బాగున్నాయని ఒకరు. లక్ష్మణకుమారుడికి సినిమా ఛాన్సు రావాలని చాలామంది. శకుని మైకుకి దూరంగా నిలబడ్డాడని. బాలకృష్ణుడు వేసిన బుడతణ్ణి ముద్దుపెట్టుకోవాలనుందని. దోమలు. బిరియాని పొట్లాలు తక్కువయ్యాయని (ఇది నటీనటుల మీద అభిప్రాయం ఎట్లా అయిందో నాకు తెలీదు).

ఒక చీటీలో ఇట్లా ఉంది: "శశిరేఖ ముసలిదైపోయింది. నాటకానికి ఆమే లోపం. మార్చాలి."

ఆ చీటీ రాసింది నేను. సంతకం లేదు.

ఇంటర్వెల్ తర్వాత అసలు నాటకం మొదలైంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపమెత్తి పెళ్లికొడుకునాడించే భాగం. ఆడమనిషి వేషంలో రాక్షసుడు. మాయా శశిరేఖనీ ఆవిడే వేసింది. తలొంచుకుని కూచుంటుంది, ఎవరూ చూడనప్పుడు లేని మీసం దువ్వుతుంది. పాణిగ్రహణంలో లక్ష్మణకుమారుడి చెయ్యి నలిపేసి, వాడు కెవ్వుమంటే సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకుంటుంది. గొంతు ఒక్క మాటలోనే పిల్లగొంతు నుంచి బొంగురుకి దిగి మళ్లీ ఎక్కుతుంది. నేను కప్పీలు మర్చిపోయాను. మా వరసలో ఎవరూ తీగల మాటెత్తలేదు. "డ్యూయెట్టు" అన్నవాడు కుర్చీమీద నిలబడి వన్స్‌మోర్ అని అరుస్తున్నాడు. నా ఒళ్లో అట్టపెట్టె, అందులో చీటీలు.

రాత్రి గదికి నడిచి వస్తుంటే తాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. హాస్టల్ మెట్లెక్కుతూ ఆగి, "ఆ అమ్మాయి నడక చూశావంట్రా?" అన్నాడు. ఎవరంటే శశిరేఖ. "మొదటి సగం మునివేళ్ల మీద నడిచింది. రెండో సగం మడమ మీద. అదే చీర, అదే నగ. మడమ నేల మీదెయ్యంగానే రాక్షసుడైంది." తర్వాత స్థానం నరసింహారావుగారి సంగతి ఎత్తాడు. బాపట్ల మనిషి, మగవాడు, నడివయసులో సత్యభామ కడితే ఆడవాళ్లు ఆయన చీరకట్టు చూసి నేర్చుకునేవాళ్లని తన తండ్రి చెప్పేవాడట. "వయసు చూసేవాడికి వేషం కనపడదు" అంటాడేమోనని భయపడ్డాను. అనలేదు. "హార్మోనీ అర శృతి తక్కువ పెట్టాడు, ఆవిడ గొంతు కాచుకోడానికి. మంచి పని" అని పడుకున్నాడు.

పొద్దున్నే చీటీల పెట్టె వాళ్లకిచ్చి రమ్మని సెక్రటరీ ఫోను. వెళ్లేసరికి మైదానంలో లారీకి సామానెక్కిస్తున్నారు. ఘటోత్కచుడు బనీనుతో తెరలు చుడుతున్నాడు. దారాలన్నీ కండెలకి చుట్టి, ఏ కండె ఏ సీనుదో గుడ్డపీలికలు కట్టి పెట్టారు. చేపలు పట్టే నైలాన్ దారమే. ఆవిడ ఇటుకల పొయ్యి ముందు ఉప్మా కలుపుతోంది. ముఖాన రంగు లేకపోతే మా మేనత్తలా ఉంది.

"కళ్లజోడు ట్రంకుపెట్టెలో అడుగునెక్కడో పడింది. కాస్త చదివిపెడతావా బాబూ?" అంది.

చదివాను. లడ్డూ చీటీలొచ్చినప్పుడల్లా పిల్లలంతా నవ్వు. దోమలదీ చదివాను. నా చీటీ రాగానే దాన్ని అడుక్కి తోసేశాను. బాలకృష్ణుడు వేసిన బుడతడు నా భుజమ్మీదనుంచి చూస్తున్నాడు. లాక్కుని, కూడబలుక్కుంటూ చదివేశాడు. ము-స-లి-దై-పో-యిం-ది.

ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ గరిటె తిప్పుతూనే, "నిజమే గదా, తప్పేముంది. అది మా కోడలి వేషం బాబూ. దానికిప్పుడు ఏడో నెల. తాళ్లమీద ఎక్కించగూడదు. అందుకని మళ్లీ నేను కడుతున్నా" అంది. నాకు ఆకులో ఉప్మా పెట్టింది. పెట్టి, "మరి మాయా శశిరేఖకి ఏం రాశారు?" అని అడిగింది.

ఎవరూ ఏమీ రాయలేదు. చీటీలు ఇంటర్వెల్లోనే వసూలు చేశాం.

ఆ సంగతి చెప్పాను. ఆ చీటీ నాదేనని మాత్రం చెప్పలేకపోయాను. మా తాత మడమల గురించి అన్న మాట చెప్పాను. ఆవిడ గరిటె ఆపి, "ఎవరాయన? ముందు వరసలో తెల్లపంచె ఆయనా?" అంది. అవునన్నాను. కండెలు సర్దుతున్న ఘటోత్కచుణ్ణి కేకేసి ఆ మాట రెండుసార్లు చెప్పింది. చీటీల పెట్టె వాళ్లు లారీలో పెట్టుకెళ్లారు. అవి మళ్లీ అడగడానికి నాకు మొహం చెల్లలేదు. కాబట్టి సెక్రటరీగారూ, మీరడిగిన వ్యాసం ఇంతే. మీ రెండో ప్రశ్నకి, అంటే రంగాలంకరణకి, జవాబు సరిగా రాయలేదని తెలుసు.

తాతని ఆ మధ్యాహ్నం రైల్లో తీసుకెళ్లి ఇంట్లో దింపాను. నాటకం సంగతి ఇంట్లో ఎట్లా తెలిసిందో తెలిసిపోయింది. నాన్న ఏమీ అనలేదు. స్ప్రేయరు కడుగుతూ, నా వైపు చూడకుండా, "ఎన్నింటిదాకా ఆడారు?" అన్నాడు. పన్నెండున్నర అన్నాను. డ్రమ్ములో నీళ్లు పారబోసి, కాసేపుండి, "కాలి హార్మోనీయేనా, చేతిదా?" అని అడిగాడు.