మగ్గం ఆగిన పూట

విలాస యాత్రలకు విలేకరులను పిలిచి తిప్పడం మా సంస్థ పని. ఒక శీతాకాలం, విదేశీ పర్యాటక పత్రికలకు రాసే కొందరిని హైదరాబాద్ రప్పించాం. ఫలక్‌నుమాలో బస, పోచంపల్లి నేతగాళ్ళ దగ్గర ఒక పూట, ఆ తర్వాత రామప్ప గుడి. వీసా ఉత్తరాలు, ఎవరికి పల్లీలు పడవు, ఎవరు మాంసం ముట్టరు, ఎవరి కెమెరాకు ఏ వేళ వెలుతురు కావాలి... యాత్రకు చాలా ముందునుంచే ఈ జాబితాలతోనే నాకు తెల్లారేది.

ఫలక్‌నుమా గురించి బెంగ లేదు. నవాబు వికారుల్ ఉమ్రా 1884లో కట్టడం మొదలుపెట్టిన ఆ భవనం ఆరో నిజాం చేతికి వెళ్ళి, 2010లో హోటల్‌గా తలుపులు తెరిచింది. కింద కారు దిగి గుర్రపు బగ్గీ ఎక్కగానే వచ్చినవాళ్ళు మాటలు మానేసి చూస్తుంటారు. 101 మంది కూర్చునే భోజనాల బల్ల దగ్గర నేను వివరించాల్సిందేమీ ఉండదు. కాకపోతే అంతకుముందు వచ్చినవాళ్ళూ అదే చూశారు, అదే రాశారు. అందుకే నా పట్టుదలంతా పోచంపల్లి మీద పెట్టాను.

ముందుగా వెళ్ళి చూసొచ్చాను. గుంట మగ్గం మీద ఉన్న పెద్దాయన నేను చెప్పిందంతా విని, "మీరున్నంతసేపు మగ్గం ఆగుతది గదమ్మా" అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు, లెక్క ఉంది. నేసిన చీరకే కూలి. అతిథులొచ్చిన పూట నేత సాగదు.

ఖర్చుల పట్టికలో "మగ్గం ఆగినందుకు కూలి" అని ఒక పద్దు రాశాను. యాత్రకు డబ్బు పెడుతున్నవారు కొట్టేశారు. ప్రచారం వాళ్ళకే కదా, మళ్ళీ డబ్బెందుకు అన్నారు. గదికి కడుతున్నాం, వ్యానుకు కడుతున్నాం, ఈ ఇంటి వాళ్ళ పూట మాత్రం ఉచితంగా ఎలా వస్తుందని అడిగాను. చివరికి విలేకరులకు ఇవ్వాలనుకున్న కానుకల సంచులు మానేసి, ఆ డబ్బు ఇటు మళ్ళించాను.

ఆ రోజు మగ్గం చూసి, ఫోటోలు తీసుకుని బయల్దేరాలన్నది మా కార్యక్రమం. కానీ లోపలి గదిలో ఇంటావిడ ఆసు పోస్తోంది. అర్ధచంద్రాకారంగా బిగించిన మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడాలి. ఒక విలేకరి తనూ ప్రయత్నించి, కాసేపటికే భుజం పట్టుకుంది. రోజుకు ఎన్ని చీరలకు పోస్తారని అడిగింది.

"రెండు. రాత్రయితే రెక్క లేవదు బిడ్డా."

అడిగింది అడిగినట్టు, చెప్పింది చెప్పినట్టు అటూ ఇటూ చేరవేశాను. నా తరఫున ఒక్క మాటా కలపలేదు. ఆతిథ్యమిచ్చేవాళ్ళు నేర్చుకోవాల్సిన కష్టమైన పని అదేనని నా నమ్మకం. మధ్యాహ్న భోజనం వెనక్కి జరపమని ఫోన్ చేసి, అందరినీ అక్కడే కూర్చోనిచ్చాను.

పక్క వీధిలో ఒక ఇంట్లో ఆసు యంత్రం తిరుగుతోంది. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం తయారుచేసిన యంత్రమది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ కథ విన్నాక విలేకరులు వేసిన ప్రశ్నలు నేను ఏ హోటల్ వసారాలోనూ వినలేదు. యంత్రం ఖరీదెంత, అప్పు ఎవరిస్తారు, ఈ పెద్దావిడ ఇంటికి ఎందుకు రాలేదు? రామప్ప దారి పొడవునా అదే చర్చ.

తర్వాత అచ్చయిన వ్యాసాల్లో ఒకటి సగానికి పైగా ఆసు గురించే. హోటల్‌కు రెండు పేరాలు దక్కాయి. ఇదేమిటని డబ్బు పెట్టినవారు ఫోన్ చేశారు. ఆ వ్యాసం చదివి వచ్చేవాళ్ళు ఒక రోజు ఎక్కువే ఉంటారని చెప్పాను, అలా అనుకునే చెప్పాను. మగ్గం కూలి మీద ప్రతి యాత్రకూ వాదన తప్పడం లేదు. ఆ పద్దు మాత్రం తీసెయ్యలేదు.