మౌనం వహించే ద్రావణి

మాచర్ల, గురజాల వైపు కల్లాలలో మిర్చి ఘాటు తెలుసుకోవడానికి యంత్రంతో పనిలేదు. ఎండుకాయను విరిచి వాసన చూసి చెప్పగల పెద్దలున్నారు. కానీ కొనేవాడు సముద్రాలకావల ఉన్నప్పుడు ముక్కు సాక్ష్యం చెల్లదు, అంకె కావాలి. నేనిప్పుడు ప్రయోగశాలలో ఆ అంకెలు తీసే పనిలో ఉన్నాను. ద్రవ క్రొమటోగ్రఫీలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది డిటెక్టరు కాదు, దాని ముందుకు మిర్చి సారాన్ని మోసుకొచ్చే ద్రావణి. దానినే మొబైల్ ఫేజ్ అంటారు.

1912లో విల్బర్ స్కోవిల్ మిర్చి సారాన్ని పంచదార నీళ్ళలో పలుచన చేస్తూ, కారం తెలియకుండా పోయేదాకా మనుషులకు రుచి చూపించాడు. అక్కడ నాలుకే డిటెక్టరు. పంచదార నీళ్ళకు తమదంటూ కారం లేదు గనుకనే ఆ పరీక్ష సాధ్యమైంది. నేటికీ సూత్రమదే: డిటెక్టరు దేనిని వెతుకుతున్నదో, ఆ విషయంలో ద్రావణి మౌనంగా ఉండాలి.

కారానికి మూలమైన కాప్సైసిన్‌ను అతినీలలోహిత కాంతిలో 280 నానోమీటర్ల వద్ద చూడవచ్చు. అసిటోనైట్రైల్ 190, మిథనాల్ 205 దాటితే కాంతికి దారి ఇస్తాయి. అసిటోన్ మాత్రం 330 వరకూ అడ్డుపడుతుంది. కారాన్ని ఎంత చక్కగా కరిగించినా ఇక్కడది పనికిరాదు. వక్రీభవన డిటెక్టరైతే ద్రావణి పాళ్ళు మధ్యలో మారడాన్నే సహించదు. మాస్ స్పెక్ట్రోమీటరుకు ఆవిరైపోయే లవణాలే కావాలి. ఫాస్ఫేటు వేస్తే లోపల పేరుకుపోతుంది.

అన్నిటికన్నా చిక్కైనది అఫ్లటాక్సిన్. ఆరబోసిన కాయలు వానకు తడిస్తే పట్టే బూజు నుంచి పుట్టే విషమిది. ఐరోపా సంఘం మిర్చిలో బి1 రకాన్ని కిలోకు 5 మైక్రోగ్రాములు మించనివ్వదు. దానిని పట్టించేది దాని ఫ్లోరోసెన్స్ వెలుగు. అయితే నీటిపాలు ఎక్కువగా ఉన్న మొబైల్ ఫేజ్‌లో ఆ వెలుగు మసకబారుతుంది. అందుకే కాలమ్ దాటాక బ్రోమిన్‌తోనో, అతినీలలోహిత కాంతితోనో దానిని మార్చి, వెలుగు పెంచి చూస్తారు. ఆ సంగతి పట్టించుకోకపోతే విషం ఉండీ లేనట్టే కాగితం మీదికెక్కుతుంది.

ఏడాది కష్టం ఓడ ఎక్కాలా వద్దా అన్నది ఆ కాగితమే తేలుస్తుంది. తినేవాడి ఆరోగ్యమూ దానిమీదే ఆధారపడి ఉంది. డిటెక్టరు ఎంత ఖరీదైనదైనా, ద్రావణి చూడనిచ్చినంతే చూస్తుంది.