పదికి ఏడు పడితే

మొన్న రాత్రి అన్నాలయ్యాక మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, ఇవాళ స్టాప్ షాట్ పదికి ఏడు పడ్డాయి. పోయిన వారం ఐదే! ఆట పెరిగినట్టేగా?" అన్నాడు. పూల్ అంటే వాడికి ప్రాణం. ఆ గొంతులో ఉత్సాహం విన్నాక తొందరపడి ఔననీ అనలేకపోయాను, కాదనీ అనలేకపోయాను. ఆదివారం వస్తాను, బల్ల దగ్గరే మాట్లాడుకుందాం అన్నాను. వాడికి చెప్పిందే మీకూ చెబుతాను, కాస్త దగ్గరికి జరగండి.

ముందు రూపాయి బిళ్ళ సంగతి. బిళ్ళను పదిసార్లు ఎగరేస్తే బొమ్మ ఏడుసార్లో, అంతకన్నా ఎక్కువో పడే అవకాశం 17 శాతం. అంటే ఒక షాట్‌ను సరిగ్గా సగం సార్లే వేయగల ఆటగాడికి కూడా ఆరు రోజుల్లో ఒక రోజు పదికి కనీసం ఏడు పడతాయి, ఆట ఏమీ పెరగకుండానే. అటునుంచీ చూడండి: నిజంగా 70 శాతం వేయగలవాడికి ఐదో, అంతకన్నా తక్కువో పడే రోజులు 15 శాతం ఉంటాయి. కాబట్టి మావాడి చెయ్యి మారిందో, రోజు కలిసొచ్చిందో పది షాట్లు చెప్పలేవు. అదే వంద కొడితే? సగం బలం ఉన్నవాడికి వందకి కనీసం డెబ్బై పడటం లక్షలో నాలుగు సార్ల మాట. వంద షాట్లు అబద్ధం ఆడటం అంత కష్టం.

కానీ ఒకే షాట్ వందసార్లు కొట్టమంటే ఎవరికి ఓపిక? పైగా ఆ షాట్ మరీ తేలికైతే అందరికీ నిండా మార్కులు, మరీ కష్టమైతే అందరికీ సున్నాలు. రెండు రకాలుగానూ పరీక్ష గుడ్డిదే. ఈ చిక్కుకి నాకు బాగా నచ్చిన విరుగుడు అమెరికాలో బాబ్ జ్యూయెట్ అనే శిక్షకుడు ప్రచారం చేసిన పద్ధతి. షాట్ పడితే బంతిని ఒక మెట్టు కష్టమైన చోటికి జరపాలి, తప్పితే ఒక మెట్టు తేలికైన చోటికి. కాసేపటికి ఆటగాడు పడటానికీ తప్పడానికీ మధ్య ఉన్న తన హద్దు దగ్గరికి చేరి అక్కడక్కడే తిరుగుతాడు. ఆ చోటే అతని మార్కు. కొత్తవాడికైనా, చెయ్యి తిరిగినవాడికైనా అదే పరీక్ష సరిపోతుంది, ఒక్క షాట్ కూడా వృథా పోదు.

ఆదివారం స్టాప్ షాట్‌తోనే మొదలుపెట్టాం. రంగు బంతి నేరుగా పాకెట్‌లో పడాలి, తెల్ల బంతి తాకినచోటే నిలిచిపోవాలి. చూడటానికి ఇంతే. కానీ తెల్ల బంతి దొర్లకుండా జారుతూ వెళ్ళి తాకితేనే నిలుస్తుంది. దూరం పెరిగేకొద్దీ గుడ్డ రాపిడి దాన్ని దొర్లించేస్తుంది, అందుకే ఇంకా కిందగా, ఇంకా గట్టిగా కొట్టాలి. కష్టం దానంతటదే మెట్లు మెట్లుగా పెరుగుతుంది, పరీక్ష కట్టేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? తొమ్మిదడుగుల బల్ల అంచు మీద డైమండ్ గుర్తులు పన్నెండున్నర అంగుళాలకొకటి ఉంటాయి. అవే మా మెట్లు.

బంతి పెట్టేచోట ఫైలు కాగితాల చిల్లులకు అంటించే గుండ్రటి స్టిక్కర్లు అంటించాం. ఇది చిన్న విషయం అనుకోకండి. కంటి అంచనాతో పెడితే బంతి ఒక్కోసారి అరంగుళం అటో ఇటో పోతుంది, షాట్ వేరైపోతుంది. బల్లనూ రాసుకోవాలి. బంతి వ్యాసం రెండుంబావు అంగుళాలు, పోటీ బల్ల మీద మూల పాకెట్ నోరు నాలుగున్నర అంగుళాల చుట్టుపక్కల. అది అరంగుళం పెద్దదైన బల్ల మీద వచ్చిన మార్కుని దీనితో పోల్చుకోకూడదు.

అయితే ఒక్కో షాట్ తెలిసినంత మాత్రాన ఆట తెలిసినట్టు కాదు. ప్రతి బంతినీ 90 శాతం వేయగలవాడు తొమ్మిది బంతులు వరసగా వేసే అవకాశం 39 శాతం. 95 శాతం వేయగలిగితే 63. ఐదు శాతం తేడా అంతగా పెరిగిపోతుంది! అందుకే నిండు బల్లతో ఆడే పరీక్షలూ కావాలి. నార్త్ డకోటాలోని ఫార్గో ఊరికి చెందిన రసాయనశాస్త్ర ఆచార్యుడు మైక్ పేజ్ కట్టిన పరీక్ష పేరు కూడా ఫార్గోయే. పదిహేను బంతులు చెదరగొట్టి, తెల్ల బంతిని చేత్తో నచ్చినచోట పెట్టుకోవాలి. ఏ బంతినైనా వేస్తే ఒక పాయింటు. ఇక అంకెల వరసలోనే వేస్తానని ఎప్పుడైనా మారిపోవచ్చు, అప్పటినుంచీ బంతికి రెండు, మళ్ళీ వెనక్కి రావడానికి లేదు. తప్పితే ఆ వంతు అయిపోయినట్టు. అలా పది వంతులు. తన బలం తనకెంత తెలుసో కూడా ఇందులో కొలతకు వచ్చేస్తుంది, నాకు ముచ్చటేసేది అదే. ఆయన పాలుపంచుకున్న ఫార్గోరేట్ అనే రేటింగ్ పద్ధతి దారి వేరు. అది డ్రిల్లులు చూడదు, గెలుపోటములే చూస్తుంది. ఇద్దరి మధ్య వంద పాయింట్ల తేడా ఉంటే పైవాడు రెండు గేములు గెలిచేసరికి కిందవాడు ఒకటి గెలుస్తాడని లెక్క. ఎవరు ఎవరిని ఓడిస్తారో అది చెబుతుంది. కానీ రేపు పొద్దున్న ఏ షాట్ సాధన చెయ్యాలో చెప్పదు. మావాడికి కావలసింది అదే కదా.

కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్ బోధించిన డేవ్ ఆల్సియాటోర్ అయితే ఏకంగా బిలియర్డ్ యూనివర్సిటీ అని పెట్టి, పరీక్షల మార్కులను బట్టి బ్యాచిలర్స్, మాస్టర్స్, డాక్టరేట్ పట్టాలు కూడా ఇస్తున్నారు. వాడికి ఆ మాట చెప్పగానే కళ్ళు మెరిశాయి.

ఆదివారం ఇరవై షాట్లు కొట్టాడు. మూడో గుర్తు దగ్గర మొదలై, గబగబా ఎక్కి, నాలుగుకీ ఐదుకీ మధ్యనే తిరిగాడు. ఐదు నుంచి కొట్టినప్పుడల్లా రంగు బంతి పడుతూనే ఉంది, తెల్ల బంతి మాత్రం జానెడు ముందుకు దొర్లి ఆగుతోంది. మూడోసారి అలా జరిగాక వాడే వంగి క్యూ మొన చూసుకుని, "మావయ్యా, కిందగా కొడుతున్నాననుకుంటున్నా, మధ్యలోనే తగులుతోంది" అన్నాడు. నోట్‌బుక్‌లో తేదీ, బల్ల నంబరు, ఇరవై అంకెలూ రాసి, పక్కన ఆ ముక్క కూడా రాసుకున్నాడు. ఐదో స్టిక్కరు పీకొద్దని కౌంటర్ దగ్గర కుర్రాడికి చెప్పి బయల్దేరాం.