గాలిలో ఈత

మోకాళ్ల నొప్పులు చూపించుకోవడానికి నాన్న ఊరి నుంచి హైదరాబాద్ వచ్చారు. ఆదివారం ఆయన్ని గండిపేటలో ఇండోర్ స్కైడైవింగ్‌కి తీసుకెళ్లాను. ఎగిరేది నేనే. భయపడి అప్పటికే రెండుసార్లు వాయిదా వేశాను. ఆ సంగతి నాన్నకి చెప్పలేదు.

ఇందులో విమానం ఉండదు, దూకడం ఉండదు. నిలువుగా ఓ పెద్ద అద్దాల గొట్టం. ఫ్యాన్ల గాలి కింద నుంచి పైకి తంతుంది. ఆకాశంలోంచి బోర్లా పడే మనిషి వేగం గంటకి సుమారు 190 కిలోమీటర్ల దగ్గర నిలకడ అవుతుంది. అదే వేగంతో గాలి ఎదురొస్తే ఉన్నచోటే తేలతాం. లెక్క అర్థమైంది. కాళ్ల వణుకు మాత్రం తగ్గలేదు.

లోపలి హోరులో మాట వినపడదు, అన్నీ సైగలే. వేలు పైకి చూపిస్తే గడ్డం ఎత్తాలి. రెండు వేళ్లు చాపితే కాళ్లు చాపాలి, వంచితే వంచాలి. బొటనవేలు, చిటికెనవేలు చాపి చెయ్యి ఊపితే రిలాక్స్ అవ్వాలి.

గుమ్మంలోంచి గాలి మీదకి వాలగానే ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోయింది. పక్కకి జారి అద్దానికి గుద్దుకున్నా. ట్రైనర్ ఒకటే రిలాక్స్ సైగ. సర్వర్ పడిపోయినప్పుడు మేనేజర్ కూల్‌గా ఉండమన్నట్టుంది!

అద్దం అవతల నాన్న. పెదాల కదలిక తెలుస్తోంది: "బిగబట్టకురా."

తొమ్మిదేళ్లప్పుడు మా బావిలో, నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టి, ఆయన ఇదే మాట అన్నారు. పొట్ట కింద చెయ్యి తీసేశారు. నీళ్లు మింగి, ఏడుస్తూ గట్టెక్కాను. మళ్లీ నీళ్లలో దిగితే ఒట్టు.

రెండో విడతలో ఊపిరి గట్టిగా వదిలాను. భుజాలు వాటంతటవే దిగాయి. చూస్తే ట్రైనర్ చెయ్యి నా సూట్ మీద లేదు. ఎప్పుడు తీశాడో తెలీదు. కాళ్లు కాస్త చాపితే ముందుకి, నాన్న వైపు వెళ్లాను. ఆయన నవ్వుతూ ఒకడుగు వెనక్కి వేశారు.

తిరిగొస్తుంటే కార్లో అన్నారు. "ఆ రోజు చెయ్యి వదిలేశానని నీకింకా కోపం కదరా? వదిలిన చాలాసేపటికి నువ్వు చూసుకున్నావు. చూసుకున్నాకే మునిగావు."

నాకేం మాట రాలేదు. కాసేపాగి, ఈత నేర్పిస్తారా అని అడిగాను.

"బావి పూడ్చేశాం కదరా!"

మోకాళ్లకి ఈత మంచిదని డాక్టర్ కూడా చెప్పారు. మా వీధి చివరి స్విమ్మింగ్ పూల్‌లో ఇద్దరి పేర్లూ రాయించాను.