నిమ్మకాయ పిండితే రాయి పొంగింది

నందిగామలో పల్లెవెలుగు ఎక్కి, చిల్లకల్లు దగ్గర హైవే వదిలి లోపలికి తిరిగితే సున్నపురాయి లారీలు, ఆకుల మీద తెల్లటి దుమ్ము. జగ్గయ్యపేట వచ్చేసినట్టే. 2022లో మా ఊళ్లు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి గానీ, మా నాన్న అడ్రస్‌లో ఇప్పటికీ కృష్ణా జిల్లా అనే రాస్తాడు.

పిన్ని కూతురు తొమ్మిదో తరగతి. ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి ఆదివారాలు ఇంటి అరుగు మీద ఎలిమెంటరీ పిల్లలకి సైన్స్ క్లబ్ నడుపుతోంది. సామాన్లు చూసి నవ్వొచ్చింది: గాజు గ్లాసులు, నిమ్మకాయలు, తమలపాకులకి రాసే సున్నం.

"అన్నా, నువ్వు మాట్లాడకు. చూడు అంతే" అని ముందే వార్నింగ్.

రోడ్డు పక్కన ఏరుకొచ్చిన సున్నపురాయి ముక్కని గ్లాసులో వేసి నిమ్మరసం పిండింది. పన్నెండు తలలు ముందుకు వంగాయి. ఏమీ కాలేదు. కళ్లు చికిలిస్తే రెండు మూడు బుడగలు, అంతే. వెనక నుంచి ఒకడు "అక్కా, షర్బత్ చేస్తున్నావా?" అన్నాడు. అరుగంతా నవ్వులు. పాపం దాని మొహం చిన్నబోయింది. జవాబు నా నోటిదాకా వచ్చింది. బలవంతంగా ఆపుకున్నా.

మూడో తరగతి పాప ఒకతి రాయిని చేతిలోకి తీసుకుంది. "మా అమ్మ బెల్లం నలగ్గొట్టి వేసుద్ది, తొందరగా కరుగుద్దని."

పిన్ని వంటింట్లోంచి రోలు వచ్చింది. పొడి మీద రసం పడగానే బుస్సుమని నురగ! పొడి చేస్తే పులుపుకి తగిలే చోటు పెరుగుతుంది మరి. రాయిలోని కాల్షియం కార్బొనేట్ నిమ్మరసంతో కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. మనం ఊపిరి వదిలినప్పుడు వచ్చేదీ అదే వాయువు. రాత్రే నానబెట్టిన సున్నపు తేటలోకి స్ట్రాతో ఊదించింది (ఊదాలి, పీల్చకూడదని పదిసార్లు చెప్పి). తేట పాలలా మారింది. ఆ తెలుపు మళ్లీ సున్నపురాయి పొడే!

ఈ సమీకరణానికి నాకు టెన్త్‌లో ఫుల్ మార్కులు. సున్నపురాయి నేల మీద పుట్టి పెరిగి, ఆ నురగ మాత్రం ఆ రోజే చూశా. మా బడిలో ల్యాబ్ గదికి తాళం ఉండేది, సామాన్లు పగులుతాయని.

పెద్ద పిల్లలు చిన్నవాళ్లకి చెప్పడం కొత్తేమీ కాదు. కుప్పం దగ్గరి అగస్త్య ఫౌండేషన్ ఎప్పటినుంచో ఈ పని చేస్తోంది. 1999లో మొదలైన ఆ సంస్థ ప్రయోగాల సామాన్లని వ్యాన్లలో, బైకుల మీద పల్లెలకి పంపుతుంది. వాళ్ల దగ్గర నేర్చుకున్న బడిపిల్లలే తోటి పిల్లలకి పాఠం చెప్తారు. మా చెల్లికి వ్యాన్ లేదు. రోలుంది.

సాయంత్రం అందరం ధనంబోడు ఎక్కాం. 1882లో బర్జెస్ దొర తవ్వించిన బౌద్ధ స్తూపం ఇక్కడే. మాంధాత చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది, మన ఊరి రాయి చూడాలంటే రైలెక్కాలి. మిగిలిన పలకలు మాత్రం కొండ మీదే ఎండకి ఎండుతున్నాయి.

ఇందాకటి షర్బత్ గాడు జేబులోంచి నిమ్మచెక్క తీశాడు. చెల్లి చటుక్కున చెయ్యి పట్టుకుంది.

"ఇదీ సున్నపురాయేగా అక్కా?"

"అందుకే వద్దురా. పొంగిపోయింది మళ్లీ రాదు."

వాడు కాసేపు పలకని తడిమాడు. "మరి వాన పడితే? వానలో పులుపు ఉంటదా?"

అది నా వైపు చూడలేదు. "తెలీదురా. ఈసారి వాన నీళ్లు పట్టి చూద్దాం" అంది.

తిరుగు బస్సు నందిగామ చేరకముందే వాట్సాప్‌లో మెసేజ్: "అన్నా, లిట్మస్ పేపర్ మీ దగ్గర ఏ షాపులో దొరుకుద్ది?"